అపరాధ పరిశోధన నవలాకారుడు ఏడాదిని అమర్చుకునే పద్ధతి

హైదరాబాదు పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులోనూ, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరిలోనూ జరుగుతాయి కనుక, తెలుగులో అపరాధ పరిశోధన నవల రాసేవారు ఏడాదిని అక్కడి నుంచి వెనక్కు లెక్కపెట్టుకోవాలి. నవంబరుకల్లా పుస్తకం అచ్చుకు వెళ్లాలంటే చిత్తుప్రతి వేసవిలోనే ముగియాలి.

ముందుగా హంతకుడెవరో, ఎక్కడ తడబడ్డాడో చివరి అధ్యాయంగా రాసి పెట్టుకొని, తరువాత ఆధారాలను మొదటి పుటల నుంచి నాటుకుంటూ రావడం మేలు. రాత్రి 9 గంటలకు కరెంటు పోయిందని మూడో అధ్యాయంలో పనిమనిషి చేత మాటవరసకు అనిపిస్తే, అదే వేళ టీవీలో వార్తలు చూశానన్న మేనమామ అబద్ధం ఇరవయ్యో అధ్యాయంలో బయటపడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ లేదా అని పాఠకుడు తప్పక అడుగుతాడు. దానికీ జవాబు సిద్ధంగా ఉండాలి.

ప్రదర్శన రోజుల్లో కొత్త అధ్యాయాలు పెట్టుకోవద్దు. స్టాలు దగ్గర ఎవరైనా ముగింపు గురించి గట్టిగా మాట్లాడబోతే మర్యాదగా పక్కకు తీసుకెళ్లండి, ఎందుకంటే వెనుక నిలబడ్డవారు పుస్తకం ఇంకా కొననేలేదు. హంతకుణ్ణి ఏ పుటలో అనుమానించారో అడిగి రాసుకోండి. ఎక్కువమంది ఒకే పుట చెబితే, అక్కడి ఆధారం మరీ తేటతెల్లంగా ఉందన్నమాట.