ట్రైనింగ్ నూరు శాతం, ఆడిట్ స్కోరు 94, అయినా వేళ్లు నలుగుతూనే ఉన్నాయా?

ఫ్యాక్టరీ సేఫ్టీ రివ్యూలో లెక్కలన్నీ పచ్చగా ఉంటాయి, ఫ్లోర్ మీద పరిస్థితి మాత్రం మారదు. వెంటనే ఎవరో ఒకరు కొత్త ట్రైనర్‌ని పిలుద్దామంటారు. ఆగండి. ముందు ఈ రోజు గేటు మస్టరు (హాజరు పట్టీ) తెచ్చి ట్రైనింగ్ రిజిస్టరు పక్కన పెట్టండి. ఇప్పుడు లోపల ఉన్నవాళ్లలో ఎందరి పేర్లు అందులో ఉన్నాయి? జూన్‌లో క్లాసు విన్న కాంట్రాక్టు మనిషి దసరాకి ఊరెళ్లి మళ్లీ రాలేదు. అతని బదులు వచ్చిన ఒడియా కుర్రాడికి గేటు దగ్గర తెలుగు వీడియో చూపించి సంతకం పెట్టించారు. మీ నూరు శాతంలో సగం వెళ్లిపోయినవాళ్లే ఉండొచ్చు. పది నిమిషాల పని ఇది, అయినా ఎవరూ చేయరు.

సమస్య: క్విజ్‌లో అందరికీ మంచి మార్కులే, పని తీరు మాత్రం పాతదే

కారణం: తెలిసిందా లేదా అన్నదే కొలిచారు, చేస్తున్నారా లేదా అన్నది చూడలేదు. ట్రైనింగ్ నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, ఫలితం వచ్చిందా అని ట్రైనింగ్‌ని ఎలా కొలవాలో రాసిన డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే నాలుగు మెట్లు చెప్పాడు. మనవాళ్లు రెండో మెట్టు మీదే చాప వేసుకుని కూర్చుంటారు.

పరిష్కారం: క్లాసు అయిన నెలన్నరకి, నైట్ షిఫ్టులో, ట్యాంకులోకి దిగే పర్మిట్ దగ్గర నిలబడండి. ప్రశ్నలు వద్దు. గ్యాస్ మీటర్ చేతికిచ్చి టెస్ట్ చేయమనండి. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూశాడా, లేక మ్యాన్‌హోల్ మూతి దగ్గర పెట్టి తీసేశాడా? ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువ చూపిస్తే పని ఆపే ధైర్యం చేశాడా? మార్కులు వీటికి వేయాలి.

సమస్య: ఆడిట్‌లో అదే పాయింటు ఏటా వస్తోంది

కారణం చూడాలంటే క్లోజ్ చేసిన పాయింట్ల జాబితాలో ‘తీసుకున్న చర్య’ గడి చదవండి. ‘టూల్‌బాక్స్ టాక్ (పనికి ముందు చెప్పే చిన్న సేఫ్టీ పాఠం) ఇచ్చాం’ అనే మాట వరసగా కనిపిస్తే దొరికినట్టే. కన్వేయర్ బెల్టు మీద అడ్డుగా ఉండే గార్డుకి ఆరు బోల్టులు, క్లీనింగ్ కోసం షిఫ్టుకి రెండుసార్లు దాన్ని విప్పాలి. గార్డు పక్కన పడి ఉండక ఏమవుతుంది? దానికి క్లాసులు చెప్పి లాభం లేదు. కీలు, ఇంటర్‌లాక్ (తెరిస్తే మిషన్ ఆగిపోయే ఏర్పాటు) ఉన్న గార్డు పెట్టించండి. ఇక మూసేసిన పాయింట్లలో ఓ పదింటిని ఏరుకుని, ఫోటోలు నమ్మకుండా మీరే వెళ్లి చూడండి.

సమస్య: ట్రైనింగ్ తర్వాత ప్రమాదాలు ఒక్కసారిగా సున్నాకి పడిపోయాయి

దీన్ని ఎవరూ సమస్య అనుకోరు, కేక్ కోస్తారు. నన్ను ఎక్కువసార్లు ముంచింది ఇదే.

ముందు లెక్క చూద్దాం. 300 మంది, రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు అంటే 7.2 లక్షల పని గంటలు. ఫ్రీక్వెన్సీ రేటు, అంటే ప్రమాదాల రేటు, పది లక్షల పని గంటలకు కడతాం కాబట్టి ఒక్క ప్రమాదం జరిగితే 1.39, జరగకపోతే సున్నా. అంత చిన్న యూనిట్‌లో ఒక్క ఏడాది సున్నా వస్తే అది ట్రైనింగ్ గొప్పతనమో అదృష్టమో చెప్పలేం.

అసలు కిటుకు ఇంకోటుంది. 48 గంటలు పనికి రాలేకపోతే ప్రమాదాన్ని రిపోర్టు చేయాలి. అందుకని చేతికి కట్టుతోనే మనిషిని ఆటోలో తెచ్చి స్టోర్స్‌లో కుర్చీ వేసి కూర్చోబెడతారు, హాజరు పడుతుంది. కాంట్రాక్టరు ప్రైవేటు ఆస్పత్రి బిల్లు తన జేబులోంచి కడతాడు, వర్క్ ఆర్డరు పోతుందని భయం. గేటు దగ్గర ‘ప్రమాదం లేని రోజులు’ బోర్డు, 200 రోజులు దాటితే అందరికీ గిఫ్టు అన్నారనుకోండి, 196వ రోజున వేలు తెగినవాడు నోరు విప్పుతాడా? తోటివాళ్లే విప్పనివ్వరు.

పట్టుకోవడం తేలికే. ఫస్ట్ ఎయిడ్ పెట్టె రీఫిల్ ఇండెంట్లు (సరుకు కావాలని స్టోర్స్‌కి రాసే చీటీలు) తీయండి. గాజుగుడ్డ, కాలిన గాయాల ఆయింట్‌మెంట్ నెలనెలా ఖాళీ అవుతూ, రిజిస్టరులో రెండే ఎంట్రీలుంటే మిగతాది ఎవరు వాడారు? మామూలుగా మిషన్ మీద ఉండే మనిషి వారం రోజులు స్టోర్స్‌లో ఎందుకున్నాడో షిఫ్ట్ చార్టులో చూడండి. ఓవర్‌టైమ్ ఎవరి బదులు చేశారో కూడా అడగండి.

పరిష్కారం: సున్నాకి ఇచ్చే గిఫ్టులు, బోనస్‌లు ఆపేయండి. నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదం) రాసినవాడికి మెమో ఇవ్వకూడదు. వారంలోగా దాని మీద ఏం చేశారో అతనికే చెప్పాలి. గాయం దాచిన కాంట్రాక్టరుకి పెనాల్టీ ఉండాలి, చెప్పినవాడికి కాదు. మంచి ట్రైనింగ్ తర్వాత మొదటి కొన్ని నెలలు నియర్ మిస్‌లు, చిన్న గాయాల ఎంట్రీలు పెరగాలి. పెరిగితే మేనేజ్‌మెంట్‌కి టెన్షన్ వస్తుంది, కాబట్టి ఆ మాట ముందే చెప్పి పెట్టుకోండి. పెద్ద గాయాలు కూడా అలాగే పెరుగుతుంటే అప్పుడు కంగారు పడొచ్చు.

ట్రైనర్ సరిగా చెప్పలేదు, క్విజ్ మరీ తేలిక, ఎక్సెల్ ఫార్ములా తప్పు, ఆడిటర్‌కి ఐఎస్ 14489 (సేఫ్టీ ఆడిట్‌కి ఉన్న భారతీయ ప్రమాణం) సరిగా తెలియదు... ఇవీ ఉంటాయి, అరుదుగా. మస్టరు, ఇండెంట్లు చూడకముందే వీటి జోలికి వెళ్లకండి.