అయిదు వేళ్లకు అయిదుగురు పెద్దలు

చిన్న తరగతుల్లో శరీర భద్రత పాఠం చెప్పే టీచర్లూ, మంచి స్పర్శ, చెడు స్పర్శ అని వల్లె వేయించి ఆపేయకండి. జరిగింది ఎవరికి చెప్పాలో పిల్లలకు తెలియకపోతే ఆ పాఠం సగంలో ఉన్నట్టే.

ప్రతి ఒక్కరినీ కాగితం మీద చేయి ఆనించి చుట్టూ గీత గీయమనండి. ఒక్కో వేలి మీద తాము నమ్మే ఒక్కో పెద్దవారి పేరు రాయాలి. అయిదుగురూ ఒకే ఇంటివారు కాకూడదు. హాని చేసేది చాలాసార్లు తెలిసినవారే కాబట్టి ఈ షరతు సడలించవద్దు. మొదటి వ్యక్తి నమ్మకపోతే రెండో వేలికి, వారూ నమ్మకపోతే మూడో వేలికి వెళ్లాలని గట్టిగా చెప్పండి.

ఇక్కడ బెంగళూరులో, మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు తెలుగు పిల్లలు చాలామంది కర్నూలులోనో అనంతపురంలోనో ఉన్న అమ్మమ్మ పేరే ముందు రాస్తారు. రాయనివ్వండి, ఆ నమ్మకం విలువైనది. కానీ "సాయంత్రం అమ్మానాన్నలు ఇంకా ఇంటికి రాకపోతే నడిచి ఎవరి దగ్గరకు వెళ్తావు?" అని తప్పక అడగండి. జవాబు లేని పిల్లల తల్లిదండ్రులతో ఆ వారమే మాట్లాడండి.

గీసిన బొమ్మ అరచేతిలో 1098 రాయించండి. పిల్లల సహాయవాణి అది, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది.

ఎవరైనా మీకే చెబితే "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, గుచ్చి గుచ్చి అడగకండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మన బాధ్యత. ఆ బిడ్డతో మాత్రం "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అనండి.