బుడమేరు పక్కన ఉండేవాళ్ళు వానాకాలం రాకముందే చూసుకోవాల్సినవి

విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ వైపు ఉండేవాళ్ళకి ముందుగా చెప్పాల్సింది ఒకటే, మన వీధిలో వాన ఎంత పడిందో చూసి ధైర్యంగా పడుకోవద్దు. బుడమేరు వాగుకి నీళ్ళొచ్చేది మైలవరం, జి.కొండూరు వైపు నుంచి, అక్కడ కుంభవృష్టి పడితే ఇక్కడ వాన తెరిపిచ్చాక కూడా నీళ్ళు గడప ఎక్కేస్తాయి. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం చూశాంగా. మామూలుగా ఆ వరదని డైవర్షన్ కాలవలోంచి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపేస్తారు, కానీ అప్పుడు కృష్ణే పొంగుతోంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర మర్నాటికి 11.43 లక్షల క్యూసెక్కులు, అంత వరద అంతకుముందెప్పుడూ రాలా. ఇటు నీళ్ళు పోయే దారి లేదు, అటు బుడమేరుకి గండ్లు పడ్డాయి, ఇంక ఊరి మీదకే.

గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, పక్కనే ఉన్న బంగాళాఖాతం కూడా వేడెక్కుతోంది, అందుకే నెలంతా పడాల్సిన వాన రెండ్రోజుల్లో దంచేయడం ఇంకా చూస్తాం. అలాగని అంతా వాతావరణం మీదకి తోసేయడం కూడా కరెక్ట్ కాదండీ, బుడమేరుని ఆక్రమించి ఇరుకు చేసింది మనుషులేగా.

కాబట్టి ఫోన్‌లో విజయవాడ వాన ఒక్కటే చూడకండి, మైలవరం వైపు ఎంత పడుతుందో చూడండి, ఎన్టీఆర్ జిల్లాకి రెడ్ అలర్ట్ ఇచ్చారంటే ఆ రాత్రికే సామాను పైకెక్కించడం మొదలెట్టాలి. కింద పోర్షన్లో ఉండేవాళ్ళు బాత్రూమ్ జాలీ మీద ఓ కన్నేసి ఉంచండి, వీధిలోకి నీళ్ళు రాకముందే అందులోంచి నల్లనీళ్ళు బుడబుడమంటూ పైకి తన్నొచ్చు. అది చూశాక ఇంక ఆలోచించొద్దు, ముసలాళ్ళనీ పిల్లల్నీ పైఅంతస్తుకో చుట్టాలింటికో పంపేయండి. మోకాళ్ళ లోతు వచ్చాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి మంచంలో ఉన్న పెద్దాళ్ళని మోసుకెళ్ళడం ఎవరి వల్లా కాదు.

కరెంట్ మెయిన్ ఆపడం అందరికీ గుర్తుంటుంది, ఇన్వర్టర్ మాత్రం మర్చిపోతారు. మెయిన్ ఆపినా అది ప్లగ్గులకి కరెంట్ ఇస్తూనే ఉంటుంది, బ్యాటరీ కూడా నేల మీదే ఉంటుంది, అందుకే నీళ్ళు రాకముందే రెండూ ఆపేసెయ్యండి. గ్యాస్ సిలిండర్ నీళ్ళల్లో తేలుతుంది, తేలి ట్యూబుని లాగేస్తుంది, రెగ్యులేటర్ తీసి మూత పెట్టి గట్టు మీద కట్టేసి ఉంచండి. పట్టాలు, ఆధార్, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద, ఫొటోలు ఫోన్లో. బీపీ షుగర్ మాత్రలు కనీసం పది రోజులకి దగ్గరుంచుకోండి, ఆ వరదలో కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్ళు తియ్యలేదు, పడవల్లో తెచ్చిన అన్నం అయినా అందింది గానీ మాత్రలు దొరక్క చాలామంది ఇబ్బంది పడ్డారు. తాగేనీళ్ళ టిన్నులు, పవర్ బ్యాంకు కూడా ముందే నింపుకోవాలి.

బండి విషయం కాస్త జాగ్రత్తగా వినండి. మునిగిన బైకుకి గానీ కారుకి గానీ సెల్ఫ్ కొట్టకండి, కిక్ కూడా వద్దు. ఇంజిన్లో నీళ్ళుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, స్టార్ట్ చేసినందువల్లే పాడైందని ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ ఇవ్వకపోవచ్చు. పాలసీలో ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్ళకి ఇంజిన్ పాడైతే పనికొచ్చే అదనపు కవర్) ఉందో లేదో ఈ వేసవిలోనే ఏజెంట్‌ని అడగండి. మునిగితే నీళ్ళు ఎంతవరకు వచ్చాయో తెలిసేలా ఫొటో తీసి, తోసుకెళ్ళి మెకానిక్‌కి ఇవ్వడమే.

నీళ్ళు తీశాక తొందరపడి వట్టికాళ్ళతో బురదలోకి దిగొద్దు. బీరువా కింద, బట్టల మూటల్లో పాములుంటాయి, కర్రతో కదిపి అప్పుడు చెయ్యి పెట్టండి. ఒకవేళ కాటేస్తే కట్లు బిగించడం, కొయ్యడం లాంటివి చెయ్యకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఎలుకల ఉచ్చ కలిసిన ఆ నీళ్ళల్లో తిరిగినవాళ్ళకి రెండు మూడు వారాల్లోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళెర్రబడటం ఉంటే డాక్టర్‌కి వరదనీళ్ళల్లో తిరిగామని తప్పకుండా చెప్పండి, చెప్తేనే ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) టెస్ట్ రాస్తారు. సంపు కడిగి క్లోరిన్ వేసేదాకా కాచిన నీళ్ళే తాగండి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఫ్రిజ్, మోటారు ఆన్ చెయ్యకండి.