జాలు పట్టిన పొలాన్ని ఆరబెట్టడం ఎలా? ముందు గొట్టాలు, తర్వాతే గడ్డపార

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మెట్ట చేలు మాగాణులయ్యాయి. నీటి వెంటే పల్లపు మడులకు జాలూ వచ్చింది. అడుగు వేస్తే పిక్కల దాకా దిగుతుంది, ట్రాక్టరు కూరుకుపోతుంది, యాసంగి కోతలయ్యాక గట్ల వెంట తెల్లగా ఉప్పు పొంగుతుంది. ఇలాంటి పొలానికి జేసీబీని పిలిచి అడ్డంగా కాలువ తవ్వించడమే మనవాళ్లకు తెలిసిన వైద్యం. నీరు ఎటు నుంచి వస్తోందో తెలియకుండా తవ్విన కాలువ కప్పలకు తప్ప ఎవరికీ పనికిరాదు. ముందు ఆ జాడ పట్టుకోవాలి. పెద్దగా ఖర్చూ ఉండదు.

గొట్టాలు దింపండి

రెండంగుళాల పీవీసీ పైపులు నాలుగు తీసుకోండి. ఒక్కొక్కటి పది అడుగులుంటే మంచిది. భూగర్భ జలం 2 మీటర్ల లోపు ఉంటే నేల జాలు పట్టినట్టేనని కేంద్ర జలవనరుల శాఖ కార్యబృందం 1991లో తేల్చింది కాబట్టి, గొట్టం అంతకన్నా లోతుకు దిగాలి. కింది మూడడుగుల మేర చిన్న రంధ్రాలు వేసి, నైలాన్ గుడ్డ చుట్టి, అడుగు నోరు మూసేయండి. చేతి ఆగర్‌తో గుంత తీసి గొట్టం నిలబెట్టాక చుట్టూ ముతక ఇసుక పోయాలి. పైన మిగిలే అడుగు, అడుగున్నర మాత్రం బంకమట్టితో గట్టిగా కూరాలి. ఈ చివరి పని చాలామంది వదిలేస్తారు. అప్పుడు మడిలోని నీరే గొట్టం వెంట లోపలికి జారుతుంది, కొలతంతా అబద్ధమవుతుంది.

మూడు గొట్టాలు కాలువ లేదా చెరువు వైపు నుంచి పొలం నడిమికి ఒకే వరుసలో ఉండాలి. నాలుగోది పొలం నీరు బయటికి పోయే ఒర్రె పక్కన. చెరువు కట్ట మీద గానీ దాని పాదం దగ్గర గానీ ఆగర్ పెట్టవద్దు.

గొట్టాల పై అంచుల ఎత్తుల్లో తేడా ఎంతో మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో తెలుసుకుని రాసిపెట్టుకోండి. ఇది లేకపోతే మిగతా అంకెలకు అర్థం లేదు.

కొలవడానికి టేపు చివర ఒక సీసా మూతను బోర్లించి కట్టి, కాస్త బరువు జోడించి వదలండి. మూత నీటిని తాకగానే ‘టప్’మని చప్పుడవుతుంది. చీకట్లో కూడా పొరపాటు పడని పద్ధతి ఇది. వారానికి రెండుసార్లు, కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో, కట్టేసిన రోజుల్లో రోజూ చూడాలి.

చెరువు మట్టం చూసేటప్పుడు అలలతో జాగ్రత్త

పొలం చెరువు కింద ఉంటే చెరువు నీటిమట్టమూ కావాలి. పానగల్లు ఉదయసముద్రం లాంటి పెద్ద చెరువు కట్ట మీద వానాకాలం సాయంత్రం నిలబడితే తెలుస్తుంది, నీరు ఒక్క క్షణం నిలకడగా ఉండదు. గాలి అడ్డు లేకుండా నీటి మీద ఎంత దూరం పరిగెడితే అల అంత లేస్తుంది. పాత ఇంజనీర్ల లెక్కలో ఆ దూరం నాలుగింతలైతే అల ఎత్తు రెండింతలు. అందుకని నాలుగంగుళాల పైపును అడుగు మూసి, నీటి కింద ఉండేలా పక్కన ఒకే ఒక 10 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, తూము దగ్గర నిలువుగా కట్టండి. అంత చిన్న రంధ్రంలోంచి అల లోపలికి చొరబడేలోపే వెనక్కి తగ్గిపోతుంది, పైపులో నీరు నిమ్మళంగా ఉంటుంది. ఇంకొక చిక్కుంది. బలమైన గాలి నీటిని కొంత కట్ట వైపు నెట్టి అక్కడి మట్టాన్నే పెంచుతుంది, దాన్ని ఈ పైపు సరిచేయలేదు. గాలి పడిపోయిన తెల్లవారుజామునే చూసుకోండి.

అంకెలు ఏం చెబుతాయి?

కాలువ వైపు గొట్టంలో మట్టం ఎక్కువగా ఉండి పొలం నడిమికి వచ్చేసరికి దిగుతోందా? కాలువ కట్టేశాక అదే వరుసలో తగ్గుతోందా? అయితే ఊట అటు నుంచే. దారిలోనే దాన్ని అడ్డుకునే లోతైన కాలువ ఒక్కటి, ఊటకు అడ్డంగా తవ్వితే చాలు. కట్టకు ఎంత దూరంలో తవ్వాలో మాత్రం నీటిపారుదల శాఖ ఇంజనీరునే అడగండి. మరీ దగ్గరైతే ఊట వేగం పెరిగి మట్టిని లాక్కొస్తుంది, కట్టకు బుంగ పడుతుంది.

అన్ని గొట్టాల్లోనూ దాదాపు ఒకటే మట్టం ఉంటే నీటికి పోయే దారి లేదని అర్థం. కొత్త కాలువ ఆలోచన పక్కనపెట్టి ఒర్రెలో జమ్ము, గుర్రపుడెక్క తీయించండి. నా మట్టుకు ముందు చూడవలసింది ఇదే.

ఒర్రె బాగున్నా పొలం ఆరకపోతే నేల కింద రంధ్రాల పైపులు వేయాలి. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద కోనంకిలో బాపట్ల శాస్త్రవేత్తలు నెదర్లాండ్స్ సహకారంతో ఈ పద్ధతిని పరీక్షించారు. పైపుల మధ్య దూరానికి డచ్ శాస్త్రవేత్త హోగ్‌హౌట్ 1940లో ఇచ్చిన సూత్రమే ఇప్పటికీ వాడతారు. నేలలో నీరు కదిలే వేగం నాలుగింతలైతే ఆ దూరం సుమారు రెండింతలు చేయవచ్చు. అందుకే రేగడిలో పైపులు దగ్గరగా, దుబ్బలో ఎడంగా వేస్తారు. మీ నేల సంగతి తెలియాలంటే గొట్టం లేని వేరే గుంత తీసి, నీరు నిలకడ పడ్డాక తోడేసి, మళ్లీ ఎంత సేపట్లో ఊరుతుందో చూడండి. పైపులు ఒర్రె వైపు నుంచి మొదలుపెట్టి ఎగువకు వేసుకుంటూ పోవాలి, 100 మీటర్లకు 20 సెంటీమీటర్ల వాలు ఉంచాలి.

నీళ్లు పెట్టి నేలలోని ఉప్పు కడిగే ముందు మట్టిని కంపసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి. పీహెచ్ (క్షార గుణం కొలత) 8.5 దాటితే జిప్సం వేయకుండా నీళ్లు పెట్టడం దండగ. మట్టి మెత్తగా విడిపోయి నేలలోని సన్న రంధ్రాలు పూడుకుపోతాయి, నీరు పైనే నిలుస్తుంది.

పైపు చివర ఎలుకలు దూరకుండా జాలీ, పక్కనే ఒక మూత పెట్టండి. నాట్లు వేసి యూరియా చల్లిన రోజుల్లో ఆ మూత బిగించే ఉంచాలి. లేకపోతే మడి నీటితో పాటు ఎరువూ ఒర్రె పాలవుతుంది.