కారణం రాశాడు, కానీ కారణం లేదు: 6, 7, 8 తరగతుల వ్యాసాల్లో సమస్య - పరిష్కారం

పేరా ఎలా విడగొట్టాలి, శీర్షిక ఎక్కడ పెట్టాలి లాంటివి మీకు తెలుసనే అనుకుని మొదలుపెడుతున్నాను.

ఏ సమస్యకైనా ఎర్ర పెన్ను తీసే ముందు ఒక పని చేయండి. పిల్లాడి చేత నోట్‌బుక్ మూయించి, "ఏం చెబుదామనుకున్నావురా, నోటితో చెప్పు" అని అడగండి. చెప్పగలిగితే ఇబ్బంది రాతలో ఉన్నట్టు. చెప్పలేకపోతే వాడికి విషయమే తెలియదు, అప్పుడు మీరు వ్యాకరణం ఎంత చెప్పినా దండగే. అర నిమిషం పట్టే ఈ పని వదిలేసి "ఈ కాలం పిల్లలకి భాష రాదండీ" అని స్టాఫ్‌రూములో నిట్టూర్చేవాళ్లని చూసి చూసి విసుగొచ్చింది.

నోటితో దంచేస్తాడు, రాయమంటే రెండు లైన్లు

పుస్తకాల తెలుగులో రాయకపోతే మార్కులు పోతాయన్న భయం, ఇంకేం కాదు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మర పడవల వేటకి నిషేధం ఉంటుంది కదా. అది ఎందుకని జాలరిపేట పిల్లాడిని అడిగితే "గుడ్లెట్టే టయిములో పట్టీస్తే మళ్లీ యేడు వలకేటి పడతాది సార్?" అంటాడు. కారణం, ఫలితం రెండూ ఉన్నాయి అందులో. అదే పిల్లాడు కాగితం మీద "మత్స్య సంపద మన జాతి సంపద. దానిని కాపాడుట మన కర్తవ్యం" అని రాసి పెన్ను కింద పెట్టేస్తాడు. మొదటి ప్రతి ఇంట్లో మాట్లాడే భాషలోనే రాయనివ్వండి, దాని మీద ఎర్ర గీత పెట్టకండి. భాష దిద్దడం రెండో ప్రతిలో.

సమాచారం రాయమంటే పొగడ్త, లేదంటే విహారయాత్ర

కుర్సురా జలాంతర్గామి గురించి రాయమంటే సగం మంది "మనమందరం గర్వించదగినది" అంటారు, మిగతా సగం బస్సెక్కిన దగ్గర్నుంచి ఐస్‌క్రీం దాకా చెప్తారు. ఎవరి కోసం రాస్తున్నారో వాళ్లకి ఎవరూ చెప్పలేదు, అందుకే ఇలా. వైజాగ్ ఎప్పుడూ చూడని, ఊళ్లో ఉండే మామయ్య కొడుకు ఏమేం అడుగుతాడో ముందు ప్రశ్నలు రాయించండి: నీళ్లలో ఉండాల్సింది ఇసుక మీదికి ఎందుకొచ్చింది, లోపల ఎక్కడ పడుకునేవాళ్లు, ఎన్నాళ్లు పనిచేసింది. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో సేవ నుంచి తప్పించారు, 2002లో ఆర్కే బీచ్‌లో మ్యూజియం అయింది. ఒక్కో ప్రశ్నకి ఒక్కో పేరా. తర్వాత "గొప్ప", "అద్భుతమైన" లాంటి మాటలన్నీ పెన్సిల్‌తో కొట్టేయించండి, మిగిలిందే సమాచారం.

అన్నీ ఉన్నాయి, అయినా వ్యాసం నమ్మించదు

అసలు తంటా ఇదే, నన్ను ఎన్నోసార్లు ఏడిపించింది కూడా. అభిప్రాయం ఉంటుంది, "ఎందుకంటే" ఉంటుంది, ముగింపు ఉంటుంది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, మనం సంతోషంగా టిక్కు కొట్టేస్తాం. ఇది చూడండి: "బీచ్‌లో చెత్త వేయకూడదు, ఎందుకంటే బీచ్‌ని శుభ్రంగా ఉంచుకోవాలి." ఇందులో కారణం ఎక్కడుంది? మొదటి ముక్కే చొక్కా మార్చుకుని మళ్లీ వచ్చింది. నలభై నోట్‌బుక్కులు దిద్దే రాత్రి ఇది కంటికి ఆనదు.

పట్టుకోవడం మాత్రం తేలికే. "ఎందుకంటే" తర్వాత వచ్చిన వాక్యాన్ని ఒప్పుకోని మనిషి ముందు మీరు చదివారనుకోండి. అతనికి కొత్తగా ఏమైనా తెలిసిందా? తెలియకపోతే అది కారణం కాదు. పిల్లలనైతే జంటలుగా కూర్చోబెట్టి, పక్కవాడి చేత "అయితే ఏంటి?" అని రెండుసార్లు అడిగించండి. శుభ్రంగా ఉంచుకోవాలి. అయితే ఏంటి? లేకపోతే ప్లాస్టిక్ కవర్లు అలలతో లోపలికి పోతాయి. అయితే ఏంటి? తాబేళ్లు వాటిని తిండి అనుకుని మింగుతాయి. ఇప్పుడొచ్చింది కారణం.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, వచ్చే వారం మళ్లీ అదే జబ్బు తిరగబెడుతుంది. ఎందుకంటే దాని వేరు పిల్లాడిలో లేదు, మనమిచ్చిన ప్రశ్నలో ఉంది. బీచ్‌లో చెత్త వేయవచ్చు అని వాదించేవాడు క్లాసులో ఒక్కడైనా ఉంటాడా? ఎదురు చెప్పేవాడే లేనప్పుడు ఎవడికైనా కారణాలు వెతకాల్సిన పనేముంది, నినాదం రాసేస్తాడు. చెట్లు నరకరాదు, నీరు వృథా చేయరాదు, ఈ బాపతు ప్రశ్నలన్నీ ఇంతే. అదే "బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తుల బళ్లు ఉండాలా, తీసేయాలా?" అని అడగండి, క్లాసు రెండుగా చీలిపోతుంది. బండి మీద బతికే ఇల్లు ఒకవైపు, సాయంత్రం నడవడానికి చోటు లేని ఫుట్‌పాత్ ఇంకోవైపు. వేట నిషేధం కూడా మంచి ప్రశ్నే: 61 రోజులు ఉంచాలా, తగ్గించాలా? ఇంజను లేని సంప్రదాయ పడవలకి ఈ నిషేధం వర్తించదు, ఆ సంగతి చెప్పగానే రెండు పక్షాల వాళ్లకీ కొత్త పాయింటు దొరుకుతుంది. ప్రశ్న బోర్డు మీద రాసే ముందు "దీనికి కాదు అనేవాడు మా క్లాసులో ఉన్నాడా?" అని మిమ్మల్ని మీరు అడుగుకోండి చాలు.

దీని చిన్న తమ్ముడు ఇంకోటుంది: "కొందరు కాదంటారు, కానీ అది తప్పు." అవతలివాడి మాటని ఒక్క లైనులో పాతిపెట్టడం. ఆ పేరా మాత్రం అవతలి పక్షం పిల్లాడి చేత రాయించండి, ఇవతలివాడు దానికి జవాబు రాయాలి. కాసేపు గొడవ అవుతుంది, అవనివ్వండి.

మిగతావి

గైడు చూసి ఎక్కించేస్తున్నారా? గైడులో లేని మీ వీధి ప్రశ్న ఇవ్వండి, అయిపోయింది. ఒత్తులు, దీర్ఘాలు తప్పులా? చివరి ప్రతిలో చూసుకోవచ్చు. పాఠం చదవమన్నా అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లాడైతే ఇది వ్యాసం సమస్య కాదు, ముందు చదువు సంగతి చూడాలి, బోర్డు కనిపిస్తోందో లేదో కూడా ఒకసారి అడగండి.