ముందు ముక్క కొరికి చూడండి: జర్మనీలో తొలి ఆకురాలు కాలానికి కొన్ని సూచనలు

మొన్న శనివారం ఒక తమ్ముడి గదికి వెళ్ళాను. మాస్టర్స్ చదవడానికి వచ్చి ఇంకా నెలన్నర కాలేదు. పొయ్యి మీద గుమ్మడికాయ పులుసు ఉడుకుతోంది. పక్కన మిగిలిన కాయలు చూసేసరికి నా గుండె గుభేలుమంది. గుప్పెట్లో పట్టేంత చిన్నవి. ఒకదానికి పచ్చా పసుపూ చారలు, ఇంకోదానికి ఒళ్ళంతా బుడిపెలు. "కాస్త చేదొచ్చిందన్నా, ఇంకొంచెం బెల్లం వేశాను" అన్నాడు. గిన్నెడు పులుసూ అప్పటికప్పుడే పారబోయించాను. పాపం, నొచ్చుకున్నాడు. ఇల్లు నమోదు, బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా గురించి చెప్పేవాళ్ళు మీకు బోలెడుమంది ఉంటారు. నేను వాటి జోలికి పోను. ఈ కాలంలో దొరికే కాయల గురించీ, వాటితో చేసే చేతిపనుల గురించీ చెబుతాను.

సెప్టెంబరు వచ్చిందంటే ఇక్కడి సూపర్ మార్కెట్ల గుమ్మంలోనే గుమ్మడికాయల పెట్టెలు వెలుస్తాయి. తినేవీ, అలంకారానికి పెట్టుకునేవీ పక్కపక్కనే ఉంటాయి. అలంకారం కాయల దగ్గర 'త్సియర్‌క్యుర్బిస్' అని రాసి ఉంటుంది. వాటిని కిటికీలో పెట్టుకోండి, బల్ల మీద పెట్టుకోండి, వంటింటి కత్తి దగ్గరికి మాత్రం రానివ్వకండి. కుకుర్బిటసిన్ అనే చేదు విషం వాటిలో ఉంటుంది. ఉడికించినా వేయించినా అది విరగదు. తింటే వాంతులు, విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. మోతాదు మించితే ప్రాణం మీదికే వస్తుంది. 2015లో హైడెన్‌హైమ్‌లో ఇంటి తోటలో కాసిన చేదు జుకినీ (కీరదోసలా పొడుగ్గా ఉండే కూరగాయ) తిని ఒక పెద్దాయన చనిపోయారు.

జుకినీకీ గుమ్మడికీ ఏమిటి సంబంధం అంటారా? జుకినీ, ఈ అలంకారపు కాయలు చాలావరకు ఒకే జాతివి. ఒకే తోటలో రెండూ పూస్తే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి. ఆ కాయల గింజలు దాచి మరుసటి ఏడాది నాటితే, పైకి మామూలుగానే కనిపించే చేదు కాయలు కాయవచ్చు. కాబట్టి తోట ఉన్న పక్కింటి పెద్దావిడ ప్రేమగా సంచెడు జుకినీలు ఇస్తే తీసుకోండి, దండం పెట్టండి, కానీ రుచి చూడకుండా కూర వండకండి.

మనవాళ్ళ విషయంలో నాకు భయం ఎక్కువ. మనం కాకరకాయ తిని పెరిగినవాళ్ళం. చేదు తగలగానే ఇక్కడివాళ్ళు ఉమ్మేస్తారు. మనం ఉప్పు రాసి పిండుతాం, చింతపండు పులుసు పోస్తాం, బెల్లం వేస్తాం, కారం దట్టిస్తాం. నాలుక ఇచ్చిన హెచ్చరికను తాలింపు వేసి మరీ నొక్కేస్తాం. కాకర చేదు వేరు, ఈ చేదు వేరు. గుమ్మడి, జుకినీ, సొర, దోస జాతుల్లో చేదు వచ్చిందంటే ఆ కాయ చెత్తబుట్టకే. "డబ్బు పెట్టి కొన్నాం కదా" అనకండి. రెండు మూడు యూరోల కాయ అది.

దోసకాయ పప్పులో వేసే ముందు మన అమ్మలు ఏం చేస్తారో గుర్తుందా? చిన్న ముక్క కోసి నోట్లో వేసుకుని చూస్తారు. ఆ పనే ఇక్కడ ప్రతి గుమ్మడికాయకూ, ప్రతి జుకినీకీ చేయండి. పచ్చి ముక్క నాలుకకు తగిలించి, చేదైతే ఉమ్మేయండి. తాలింపు పెట్టక ముందు, మసాలా పడక ముందు. దీనికి అర నిమిషం పడుతుంది. ఈ అర నిమిషం కూడా బద్ధకిస్తే నేనేం చెప్పను?

ఇక చేతిపనులు. నేను దిగింది అక్టోబరులో. ఆ నెలాఖరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, నవంబరు చివరికి బెర్లిన్‌లో సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. గదిలో దీపం వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చున్న సాయంత్రాలు నాకు ఇప్పటికీ గుర్తే. నిద్ర పట్టేది కాదు, ఎవరికీ ఫోన్ చేయబుద్ధయ్యేది కాదు. అప్పుడు నన్ను నిలబెట్టింది హాస్టల్ వంటగదిలో జరిగిన 'బాస్టెల్న్' సాయంత్రం. అంటే ఏమీ లేదు, నలుగురు కూర్చుని ఏరుకొచ్చిన ఆకులతో, కాయలతో బొమ్మలు చేయడం. భాష రాకపోయినా చేతికి పని ఉంటే పక్కవాడితో కూర్చోవచ్చు. చిన్నపిల్లల పని అని కొట్టిపారేయకండి, పిలిస్తే వెళ్ళండి.

ఆకులు ఎండ కాసిన రోజున, పొడిగా ఉన్నప్పుడు ఏరండి. ఎరుపు, పసుపు కావాలంటే ఆహోర్న్ (మేపుల్) చెట్టు కింద చూడండి. ఓక్ ఆకు తొందరగా గోధుమ రంగుకు తిరుగుతుంది. ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి మరిచిపోతే బూజే మిగులుతుంది. వార్తాపత్రిక మడతల్లో పరిచి పైన బరువు పెట్టండి, మర్నాడు కాగితం మార్చండి, వారం పది రోజులు కదపకండి. ఓక్ కాయల్లోంచి తెల్లటి పురుగులు బయటికి వస్తాయి, అందుకే చిల్లి ఉన్నవి ఏరవద్దు. అడవిలో రాలిన ఆకులు, కాయలు సొంతానికి కొద్దిగా తెచ్చుకోవడానికి ప్రకృతి సంరక్షణ చట్టమే ఒప్పుకుంటుంది. రక్షిత ప్రాంతం అని బోర్డు ఉంటే మాత్రం ముట్టుకోకండి. తోటల్లో, పొలం గట్ల మీద ఉన్న పండ్ల చెట్లకు యజమానులుంటారు. కొన్ని ప్రాంతాల్లో మానుకు పసుపు రిబ్బను కడతారు. ఆ చెట్టు పండ్లు ఎవరైనా కోసుకోవచ్చని దానర్థం.

పార్కుల్లో నిగనిగలాడుతూ రాలే గోధుమరంగు కస్టానియన్ (చెస్ట్‌నట్) కాయలు బొమ్మలకు మహా బాగుంటాయి. ఏరిన రోజే చిన్న బరమాతో చిల్లి పెట్టి పుల్లలు గుచ్చండి, ఎండితే రాయిలా బిగుస్తాయి. కానీ అవి తినేవి కావు, తినే రకం వేరే ఉంది. మళ్ళీ అదే గొడవ, చెప్పక తప్పదు. బొమ్మలకు వాడేదాని తొక్క మీద ముళ్ళు పొట్టిగా, దూరదూరంగా ఉంటాయి. గింజ గుండ్రంగా, మొన లేకుండా ఉంటుంది. ఆకు చేతివేళ్ళలా విచ్చుకుని ఉంటుంది. తినేదానికి సన్నటి ముళ్ళు ఒత్తుగా ఉంటాయి, గింజకు కుచ్చులాంటి మొన ఉంటుంది, ఆకు ఒంటిగా పొడుగ్గా రంపపు అంచుతో ఉంటుంది. తినేవి నైరుతి జర్మనీలోని ఫాల్జ్ కొండవాలుల్లో విరివిగా దొరుకుతాయి. మిగతాచోట్ల బజారులో కొనుక్కోండి. తొక్క మీద కత్తితో అడ్డంగా నిలువుగా గాటు పెట్టి 200 డిగ్రీల ఓవెన్‌లో ఇరవై నిమిషాలు ఉంచండి. గాటు పెట్టకపోతే పేలతాయి.

పుట్టగొడుగుల గురించి ఒక్క మాటే. ఏరవద్దు. ఇక్కడి విషపు పుట్టగొడుగుల్లో అతి ప్రమాదకరమైన 'క్నోలెన్‌బ్లెటర్‌పిల్జ్' చిన్నగా ఉన్నప్పుడు మన గడ్డి పుట్టగొడుగులాగే ఉంటుంది. తిన్న ఆరు గంటల వరకూ, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సేపు ఏమీ తెలియదు. ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. 2015లో కొత్తగా వచ్చిన శరణార్థులు ఎందరో ఇలాగే ఆసుపత్రి పాలయ్యారు. అంత కోరికగా ఉంటే ఊళ్ళో గుర్తింపు పొందిన నిపుణుల వెంట వెళ్ళండి.

ఏదైనా పొరపాటున తింటే ఆలోచిస్తూ కూర్చోకండి. విష సహాయ కేంద్రాలు రాత్రీ పగలూ పనిచేస్తాయి. బెర్లిన్‌ది 030 19240, మ్యూనిక్‌ది 089 19240. పరిస్థితి విషమిస్తే 112. తిన్నదాంట్లో మిగిలిన ముక్క పారేయకుండా వెంట తీసుకెళ్ళండి.

సరే, ఇంత భయపెట్టాను కదా, ఇదీ వినండి. కూరగాయల వరుసలో తినడానికని అమ్మే గుమ్మడికాయలకు చేదు లేకుండా విత్తనాన్ని ఎంచి పెంచుతారు. ముక్క రుచి చూసుకుని నిశ్చింతగా వండుకోండి. నారింజ రంగు హొక్కైడోకు తొక్క తీయనక్కర్లేదు, కడిగి ముక్కలు కోస్తే చాలు. పిండిగా ఉంటుంది, తొందరగా చితికిపోతుంది, కాబట్టి పులుసు బాగా మరిగాక వేసి, ముక్క మెత్తబడగానే దించేయండి. తియ్యదనం దానిలోనే ఉంది, బెల్లం తగ్గించండి. దప్పళానికి మస్కాట్ గుమ్మడి మేలు. మన ఊరి గుమ్మడి జాతే అది, పెద్ద కాయను ముక్కలుగా కోసి కిలో లెక్కన అమ్ముతారు. మామిడికాయ లేదని బెంగ పడేవాళ్ళు బోస్కోప్ ఆపిల్ తురిమి పులిహోరలో కలిపి చూడండి, పప్పులో వేయాలంటే పప్పు ఉడికాక వేయండి. పులుపు సరిపోతుంది, పచ్చిమిర్చి మాత్రం రెండు ఎక్కువ పడాలి.

పిల్లలతో వచ్చినవాళ్ళకు నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగకు ముందు కీటా (చిన్నపిల్లల బడి) నుంచి లాంతరు చేయడానికి రమ్మని కబురొస్తుంది. సెలవు పెట్టయినా వెళ్ళండి. ఊదిన బుడగ మీద రంగుల పల్చటి కాగితం ముక్కలు జిగురుతో మూడు నాలుగు పొరలు అతికించి, బాగా ఆరాక బుడగ పగలగొడతారు. రెండు రోజులు ఆరాలి, ముందురోజు రాత్రి మొదలుపెడితే కుదరదు. తోటి తల్లిదండ్రులతో నాలుగు మాటలు కలిసేది అక్కడే.

తొడిమ ఊడని హొక్కైడోలు నాలుగైదు ఇప్పుడే కొని చల్లటి పొడి చోట పెట్టుకోండి, సంక్రాంతి కలగూరకు పనికొస్తాయి. కోసిన మస్కాట్ ముక్కలైతే ఫ్రీజర్‌లో పడేయండి.