కారు ముందు చక్రాల అలైన్‌మెంట్‌ను ఇంటి దగ్గరే చూసుకుని సరిచేసుకోవడం ఎలా?

విజయవాడలో కారు ఒక పక్కకు లాగుతోందని ఎవరితోనైనా అంటే, ఆటోనగర్‌కు తీసుకెళ్లి అలైన్‌మెంట్ చేయించమనే సమాధానమే వస్తుంది. ఆ సలహాలో తప్పు లేదు గాని, అలైన్‌మెంట్‌లో సరిచూసే, చక్రాలకు ఉండే మూడు కోణాలలో ఒకదాన్ని మాత్రం ఓపిక ఉన్నవారు ఇంటి ముందే కొలిచి సరిచేసుకోవచ్చు. పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముందు అంచులు దగ్గరగా ఉన్నాయా, ఎడంగా ఉన్నాయా అన్నది టో. ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం లోపలికో బయటికో వాలడం క్యాంబర్. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ నిలువు రేఖ చుట్టూ మళ్లుతుందో ఆ రేఖ, పక్కనుంచి చూస్తే వెనక్కి వాలి ఉండటం క్యాస్టర్. చాలా చిన్న కార్లలో కంపెనీ సర్దుబాటుకు వీలు కల్పించేది మొదటిదానికే. మిగతా రెండూ తేడాగా ఉన్నాయంటే ఏదో భాగం వంగిందనో, అరిగిందనో అర్థం.

లోపం టోలోనే ఉందా అన్నది టైరే చెబుతుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి మరోసారి రాయండి. ఒక వైపు నున్నగా జారి, తిరిగి వచ్చేటప్పుడు రంపపు పళ్లలా గీరుకుంటే అది టో చేసిన పనే. గీరుకోకుండా ఒక అంచు మాత్రమే అరిగిపోతుంటే క్యాంబర్‌ను కూడా అనుమానించాలి. గుంటూరు వెళ్లే హైవే మీద ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతోందంటే మాత్రం ముందు చూడవలసింది బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉందా అన్నది. అలైన్‌మెంట్‌ను, బ్యాలెన్సింగ్‌ను ఒకటిగా భావించి డబ్బు వదిలించుకునేవారు చాలామంది ఉన్నారు.

కొలత మొదలుపెట్టే ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూడాలి. మన ఎండల్లో నాలుగు కిలోమీటర్లు నడిపినా టైరు వేడెక్కి పీడనం పెరుగుతుంది కనుక, తెల్లవారగానే, బండి కదలకముందే చూసి, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న అంకెకు తేవాలి. వాన నీరు పోవడానికి మన రోడ్లను అంచు వైపు కొద్దిగా వాలుగా వేస్తారు కాబట్టి, బండి ఎడమకు కొంచెం జరగడం లోపం కాదు. అనుమానం తీరకపోతే ముందు టైర్లను కుడి ఎడమలు మార్చి నడపండి (ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తు ఉన్న టైర్లకు ఇది పనికిరాదు). లాగే దిశ కూడా మారితే తప్పు టైరుదే.

తరువాత ముందు భాగాన్ని జాకీతో లేపి, తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని గడియారంలో మూడు, తొమ్మిది అంకెలు ఉండే చోట పట్టుకుని ఊపాలి. లూజు తెలిస్తే టైరాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని మళ్లించే రాడ్డు) చివరి కీలు, అంటే టైరాడ్ ఎండ్, అరిగి ఉండవచ్చు. పన్నెండు, ఆరు దగ్గర ఊగితే బేరింగు గాని, చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింట్ గాని కారణం కావచ్చు. లూజు ఉన్న బండికి అలైన్‌మెంట్ చేయడం వృథా శ్రమ. నేనే ఒకసారి సస్పెన్షన్‌లోని లోయర్ ఆర్మ్‌కు ఉండే రబ్బరు బుష్ అరిగినా పట్టించుకోకుండా టో సరిచేసి, నెల తిరగకముందే మళ్లీ అదే పని చేయవలసి వచ్చింది.

కొలవడానికి కావలసినవి ఒక స్టీలు టేపు, సుద్దముక్క, తాపీ మేస్త్రులు గోడ నిలువు చూడటానికి దారానికి కట్టి వేలాడదీసే గుండు, తోడుగా ఒక మనిషి. సమతలమైన నేల మీద, స్టీరింగ్ తిన్నగా ఉంచి, కారును ముందుకు కొన్ని మీటర్లు తోసి ఆపండి. రెండు ముందు టైర్ల మీద, ఇరుసు ఎత్తులో, అన్నిటికంటే ముందుకు వచ్చిన చోట, ఒకే గాడి పక్కన సన్నని గీత గీయండి. ఆ గీతల నుంచి గుండును వేలాడదీసి, అది ఊగడం ఆగాక దాని మొన కింద నేల మీద గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య దూరం రాసుకోండి. ఇప్పుడు చక్రాలు సరిగ్గా అర చుట్టు తిరిగేలా కారును ముందుకు తోస్తే అవే గీతలు వెనక్కి వస్తాయి. అక్కడా అలాగే కొలవండి. రెండుసార్లూ అవే గీతలను వాడటం వల్ల టైరులో ఉండే వంకర లెక్కలోకి రాదు. ఉదాహరణకు వెనుక 1462, ముందు 1455 మిల్లీమీటర్లు వస్తే ఏడు మిల్లీమీటర్ల టో ఇన్, అంటే ముందు అంచులు అంత దగ్గరగా, ఉన్నట్టు. చాలా చిన్న కార్లకు సున్నాకు అటూ ఇటూ రెండు మిల్లీమీటర్ల లోపే ఉండాలి. మీ బండి మాన్యువల్‌లోని అంకెదే తుది మాట.

సరిచేయడానికి, కారును మళ్లీ స్టాండ్ల మీదకు ఎక్కించి, టైరాడ్ తిరగకుండా పట్టి ఉంచే లాక్ నట్‌ను పానాతో వదులు చేయాలి. మర తుప్పు పట్టి ఉంటే ముందు రాత్రే నూనె వేసి ఉంచడం మేలు. స్టీరింగ్ తిప్పుడును టైరాడ్లకు అందించే స్టీరింగ్ ర్యాక్‌ను కప్పే రబ్బరు బూటు చివరి క్లిప్పును కూడా వదులు చేయండి, లేకపోతే రాడ్డుతో పాటు అదీ మెలిపడి చిరుగుతుంది. ఇక రాడ్డును తిప్పితే దాని పొడవు మారుతుంది. ర్యాక్ ఇరుసుకు వెనుక ఉన్న కార్లలో రాడ్డు పొడవు పెరిగితే టో ఇన్ పెరుగుతుంది; ముందు ఉంటే అందుకు విరుద్ధం. అర చుట్టుకే ఆ చక్రం దగ్గర సుమారు మూడు మిల్లీమీటర్ల తేడా వస్తుంది కనుక, పావు చుట్టుకు మించి ఒక్కసారిగా తిప్పకండి. ఎడమ వైపు ఎంత మార్చారో కుడి వైపూ అంతే మార్చాలి. ఒక వైపే తిప్పితే కొలత కుదిరినా స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది. తరువాత కారును దించి, కొన్ని మీటర్లు ముందుకు వెనక్కు తోసి, సస్పెన్షన్ సర్దుకున్నాక ముందుకే తోసి ఆపి మళ్లీ కొలవండి. కుదిరాక లాక్ నట్‌ను మాన్యువల్ చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించి, బిగింపులో రాడ్డు తిరగలేదని మరొకసారి చూసుకోండి.

పరీక్షకు తెల్లవారుజామున ఖాళీగా ఉండే తిన్నని రోడ్డును ఎంచుకుని, నెమ్మదిగా, చేతులు స్టీరింగ్‌కు దగ్గరగానే ఉంచి నడపాలి. డ్యాష్‌బోర్డు మీద స్టీరింగ్ దీపమో, ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే వ్యవస్థ) దీపమో వెలిగితే స్టీరింగ్ కోణాన్ని చూసే సెన్సర్‌ను స్కానర్‌తో సరిచేయించాలి. టో సరిగా ఉన్నా లాగుడు పోకపోతే మిషన్ ఉన్న షాపుకు వెళ్లక తప్పదు. అక్కడ వెనుక చక్రాలను కూడా కొలవమనండి. పనికి ముందు తీసిన కొలతల కాగితాన్ని, తరువాతి కాగితాన్ని రెండింటినీ అడిగి తీసుకుని, టో అంకెలు మాత్రమే మారి క్యాంబర్ ఎర్ర రంగులోనే, అంటే హద్దు దాటే, మిగిలి ఉందేమో, డబ్బు ఇచ్చే ముందే చూడండి.